రెండు నిమిషాలు ఆరిపోయే పెట్టె

మంగళవారం, పొద్దున పది గంటలు

చిరంజీవి బావమరిదికి మీ బావ ఆశీస్సులు.

నా అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి, తప్పులు కూడా ఉంటాయి. అయిదో తరగతి దాటనివాడిని. కోప్పడకుండా కూడబలుక్కుని చదువు. ఫోనులో అయితే నువ్వు చెప్పేది నాకు వినిపించదు. అందుకే రాస్తున్నాను.

మీ అక్క అలాగే ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు ఇంకా రాలేదు. మాట కొంచెం తేటపడింది. పెట్టినంత తింటోంది.

నువ్వు మా గడప తొక్కి ఏడు నెలలైంది. మీ అక్క మంచం మీంచి పడి గంటసేపు పిలిచినా నాకు వినిపించని రోజున, "నీ చెవులు ఎవరికి అరువిచ్చావు బావా" అని అందరి ముందూ అన్నావు. అన్నదాంట్లో తప్పులేదు. మర్నాడు నువ్వే వచ్చి ఆమె గదిలో కెమెరా పెట్టావు. తీగలన్నీ కలిసే నల్ల పెట్టెను గోడకు బిగించావు. దాన్ని స్విచ్ అంటారని చెప్పావు. నొక్కడానికి మీటే లేదు కదయ్యా అంటే నువ్వు నవ్వలేదు. ఆ తర్వాత రాలేదు.

ఆ పెట్టె మీదే మా ఇల్లు నడుస్తోంది. మీ అక్క పిలిస్తే ఆఫీసులో ఉన్న మా అమ్మాయికి ఫోనులో వినిపిస్తుంది. అమ్మాయి నా జేబులో ఫోను వణికిస్తుంది. నేను పరిగెత్తుతాను.

ఇప్పుడు ఆ పెట్టె ఆరిపోతోంది. పచ్చ దీపాలన్నీ ఒక్కసారే పోతాయి, మళ్ళీ ఒక్కొక్కటే వస్తాయి. కెమెరా కుదురుకునేసరికి రెండు నిమిషాలు పడుతుంది. అంతసేపూ అమ్మాయికి నల్ల తెర తప్ప ఏమీ కనిపించదు. అక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటుంది.

మొదట్లో రోజుకు ఇరవైసార్లు పోయేది. మెకానిక్కు వచ్చాడు. మంచి మనిషి, గట్టిగా మాట్లాడతాడు, నాకు హాయి. తీగలన్నీ పీకి ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చాడు, ఏ తీగ వల్ల పోతోందో చూడ్డానికి. ఏ తీగా కాదు. చివరికి గోడ ప్లగ్గులో ఉండే అడాప్టరును ముట్టుకుని, "తాతా, దీనికి జ్వరం" అన్నాడు. అది పెట్టెకు సరిపడా కరెంటు ఇవ్వడం లేదట. కొత్తది పెట్టాడు. ఎనిమిది రోజులు దీపాలు రెప్ప వెయ్యలేదు.

తొమ్మిదో రోజున మళ్ళీ మొదలు. అతను ప్లగ్గు మార్చాడు. మీ అక్క గాలిపరుపు మోటారును వేరే బోర్డుకు తగిలించాడు. తన షాపులోంచి ఇంకో పెట్టె తెచ్చి పెట్టాడు, అదీ పోయింది. ఎప్పుడెప్పుడు పోతోందో కాగితం మీద రాయమన్నాడు. రాశాను. తొమ్మిది, పన్నెండున్నర, నాలుగు. వారమంతా అవే. అతను కాగితం చూసి బుర్ర గోక్కున్నాడు. "గడియారం చూసుకుని చచ్చే పెట్టెను నా సర్వీసులో చూళ్ళేదు తాతా" అని ఓ దణ్ణం పెట్టి వెళ్ళాడు.

మొన్న ఆదివారం అమ్మాయి నా ఎదురుగా కూర్చుంది. అరవలేదు. పెదవులు నాకు కనబడేలా నెమ్మదిగా చెప్పింది. "నాన్నా, నిన్ను అనట్లేదు. ఆ రెండు నిమిషాల్లో అమ్మ పడితే? నీకు వినబడదు, నాకు కనబడదు. ఇక నావల్ల కాదు నాన్నా" అంది. మంచం పట్టినవాళ్ళను చూసుకునే చోట మాట్లాడి వచ్చింది. శుక్రవారం బండి వస్తుంది. అక్కడ భర్తలను ఉండనివ్వరు. ఆదివారం ఒక గంట చూసి రావచ్చు. నేను తలూపాను. నలభై ఆరేళ్ళ కాపురం.

మామయ్య మాటంటే అమ్మాయికి గురి. శుక్రవారం లోపల ఒక్కసారి వచ్చి పెట్టె చూడు. నా మీద కోపం గుమ్మం బయట పెట్టి రా. పోయేటప్పుడు తీసుకెళ్ళు.

ఇట్లు,
మీ బావ

తా.క. కవరు అంటించబోయి ఆగాను. పైన అబద్ధం రాయలేదు. ఒక సంగతి రాయలేదు. పెట్టె బాగానే ఉంది. అడాప్టరు మార్చాక తనంతట తాను ఒక్కసారీ పోలేదు. తీగ లాగుతున్నది నేను.

మీ అక్కకు అన్నీ మంచంలోనే, పగలు మూడుసార్లు బట్ట మార్చాలి. అమ్మాయి ఆఫీసులో ఫోను బల్ల మీద నిలబెట్టుకుని పని చేసుకుంటుంది. ఒకరోజు నేను బట్ట మారుస్తుంటే కెమెరాలోంచి మీ అక్కకు ఎవరో మగమనిషి నవ్వు వినిపించిందట. వాళ్ళలో వాళ్ళు ఏదో అనుకుని నవ్వి ఉంటారు. అప్పటినుంచి మార్చినంతసేపూ మీ అక్క కళ్ళు బిగించి మూసుకునేది. పెట్టె నిజంగా చెడిపోయిన రోజుల్లో, దీపాలు పోయాయని నేను చెబితే తెరిచింది. బాగుపడ్డాక ఎనిమిది రోజులు ఓర్చుకుని, "తీసెయ్యి" అంది. కెమెరా మీద గుడ్డ వేస్తే వేసిందెవరని అమ్మాయి అడుగుతుంది. పెట్టె పోతే ఎవరినీ అడగదు. దుప్పటి కిందే అంతా సిద్ధం చేసుకుని, తీగ లాగి మళ్ళీ గుచ్చి, ఆ రెండు నిమిషాల్లో ముగించడం నేర్చుకున్నాను. అమ్మాయికి చెప్పనని మీ అక్క నాచేత ఒట్టు వేయించుకుంది. తల్లిని కాపాడబోయి తల్లి పరువు తీశానని అది కుమిలిపోతుందట.

చెప్తే అమ్మాయి నన్ను నమ్మదు. చెప్పకపోతే పెట్టెను నమ్మదు. ఎటైనా బండి వస్తుంది.

నువ్వు వచ్చి ఊరికే ఆ పెట్టె విప్పి, బిగించి, బాగుచేశానని చెప్పు. నేనిక తీగ ముట్టను. ఈ మాట పొద్దున్నే మీ అక్కకు చెప్పాను. తొమ్మిదింటికి బట్ట మార్చబోతే ఎడమ చేత్తో దుప్పటి పట్టుకుని వదల్లేదు. బలం నాకే ఎక్కువ. వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను.

మెకానిక్కు షాపు మీ వీధిలోనేనట. అతని చేతే ఈ ఉత్తరం పంపుతున్నాను. అతని చేతికే రెండు ముక్కలు జవాబు రాసి ఇవ్వు. ఆలస్యం చెయ్యకు.