కల్లం గట్టు మీద దగ్గు

ఫిబ్రవరి 3, మంగళవారం
అక్షరాలు వంకర. ఒత్తులు ఎక్కడ పడితే అక్కడ. మన్నించాలి... చూసేది ఈ కాగితమే అయినా. చదివింది ఊళ్ళో ఐదు వరకే.
బడి టీచరమ్మ అడిగింది. "మీ రోజుల్లో మిరప కల్లంలో పొద్దెట్టా గడిచేదో రాసివ్వండి తాతగారూ, పిల్లలు చదువుకుంటారు." సరేనన్నాను.

ఫిబ్రవరి 5, గురువారం
రాసింది: పొద్దున్నే లేచేవాళ్ళం. కాయ ఆరబోసేవాళ్ళం. ఆడవాళ్ళు తెల్లబడ్డ తాలుకాయ ఏరేవాళ్ళు. ఎండ బాగా ఉండేది.
అంతే. ఇంకేం తోచదు.

ఫిబ్రవరి 8, ఆదివారం
సుబ్బయ్య అద్దంకి నుంచి కట్టెడు కాగితాలు రాసి పంపాడట. మా పక్క చేను వాడిదే. ఇద్దరికీ ఒకటే కల్లం. "ఎంత బాగా రాశారండీ, కళ్ళకు కట్టినట్టు!" అంటోంది టీచరమ్మ. నా నాలుగు ముక్కలు జేబులోంచి తీయలేదు. చిన్నప్పుడూ అంతే వాడు. పలక నిండా రాసి పంతులికి చూపించేవాడు.
జిరాక్సు చేతికిచ్చింది. చదవను.

ఫిబ్రవరి 9, సోమవారం
చదివాను.
కోరు, అదే మిరప ఘాటు, తుమ్ములు, మొహాలకు తడిగుడ్డలు... అన్నీ నిజమే. నేనూ చూసినవే. నాకెందుకు రాలేదు?
మధ్యలో మా ఆవిడ రాఘవమ్మ గురించీ రాశాడు.
"రాఘవమ్మ చెల్లెమ్మ ఉంటే కల్లమంతా నవ్వులే. మొగుడు అన్నానికి పిలవడానికొచ్చి, పేరు పెట్టి పిలవలేక, గట్టు మీద నిలబడి రెండుసార్లు దగ్గేవాడు. అతను అటు తిరగ్గానే చెల్లెమ్మ చెంగు తలపాగాలా చుట్టుకుని అచ్చం అట్టాగే దగ్గేది. నవ్వలేక చచ్చేవాళ్ళం."

ఫిబ్రవరి 10, మంగళవారం
నేను వెళ్తే ఆడవాళ్ళంతా నోళ్ళు మూసుకుని తలలు వంచేవాళ్ళు. మర్యాద అనుకున్నాను. అన్నేళ్ళూ. మీసం కూడా దువ్వుకునేవాణ్ణి.
ఇంట్లో ఆవిడ మంట తగ్గేదాకా చల్లలో చేతులు ముంచుకుని కూర్చునేది. నేను అరుగు మీద. మాట ఉండేది కాదు. ఆ నవ్వులన్నీ సుబ్బయ్య ముందు... గోతాల్లో కాయ తొక్కుతూ విన్నాడు వాడు.

ఫిబ్రవరి 12, గురువారం
సుబ్బయ్య ఫోను. "ఏరా, చదివావా? నీ గురించీ రాశా, చూశావా?" ఊఁ అన్నాను. "కోపమొచ్చిందేంట్రా?" ... ఎండగా ఉంది అని పెట్టేశాను.

ఫిబ్రవరి 13
అద్దం ముందు దగ్గి చూశాను. రెండుసార్లు. నవ్వొచ్చేదేం లేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం
టీచరమ్మ ఇంటికొచ్చింది. "అమ్మగారి సంగతి మీకు ఇబ్బందైతే తీసేస్తానండీ..." తీసెయ్యమని నాలుక చివరిదాకా వచ్చింది.
ఆవిడ పోయి ఏళ్ళయింది. అది తీసేస్తే ఆ నవ్వు ఇంకెక్కడా లేదు.
ఉండనీయమ్మా అన్నాను.

ఫిబ్రవరి 16, సోమవారం
సుబ్బయ్యకు ఉత్తరం. ముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నా—
ఒరేయ్ సుబ్బయ్యా, రాఘవమ్మ దగ్గాక ఏమన్నా అనేదా? ఒట్టి దగ్గేనా? నన్ను తిట్టినా సరే, అన్నది అన్నట్టు రాయి. ఫోను చెయ్యొద్దు, నాకు మాట రాదు. విన్నవాళ్ళలో మిగిలింది నువ్వొక్కడివే. ఆలస్యం చెయ్యకు, వెంటనే రాయి.