తలుపుకెదురు స్తంభం

తిరువూరు,
ఆదివారం.

చిరంజీవి గీతాంజలికి నాన్న ఆశీస్సులు. మేమందరం బాగున్నాం. బాగాలేనిది మనం కడుతున్న డాబా, దాన్ని కడుతున్న మనుషులు. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. నీ గొంతు వినగానే నాకు అబద్ధం అలవాటుగా వచ్చేస్తోంది. అందుకే కాగితం తీసుకున్నాను.

ముందు నువ్వు అడిగినవి. నాయనమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. అద్దె ఇంటి మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరినీ "మా డాబా ఎప్పటికవుద్దంటారు?" అని అడుగుతోంది. రెడ్డిగూడెం తోటలో పూత బాగానే నిలిచింది. మీ అమ్మ నాతో మాట్లాడి నాలుగు రోజులైంది. కారణం కింద రాస్తాను.

ఈ ఊళ్లో ఇల్లు మొదలుపెడితే అందరూ మేధావులే. సిద్ధాంతిగారు టేపు పట్టుకుని వచ్చి, వాస్తు కొలతల్లో ఆయం కుదరలేదని హాలు గోడను రెండుసార్లు జరిపించాడు. హాలు పెద్దదైతే పైన శ్లాబును ఏది మోస్తుందో ఆయనకు అక్కర్లేదు. మేస్త్రి హనుమయ్య పేరెత్తితేనే నాకు ఒళ్లు మండుతోంది. మన వీధిలో మూడిళ్లు కట్టాడు, వరసకు తమ్ముడు, ఇంకేం కావాలని తాంబూలం ఇచ్చేశాను. పని గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. పుచ్చకాయ కొనేటప్పుడైనా తట్టి చూస్తాం కదమ్మా! ఏమన్నా అంటే "నీకెందుకన్నయ్యా, నేనున్నాగా" అంటాడు. ఉన్నాడు, నిజమే. బైకు మీద ఉంటాడు, ఫోన్‌లో ఉంటాడు, పని దగ్గర మాత్రం ఉండడు.

బుధవారం సెంట్రింగ్ జానీబాషా శ్లాబు కింద కర్రలు విప్పడానికి వచ్చాడు. హాలు మధ్యలో నాలుగు తీశాడో లేదో, పైన పగులు పాకింది. అతను గబగబా కర్రలు మళ్లీ బిగించి, మనుషులందరినీ బయటికి పంపేశాడు.

"నేనిక ఒక్క కర్ర కూడా తియ్యనండి. ప్లానేదన్నా ఉందా సార్?" అన్నాడు.

నువ్వు గీసి పంపిన ప్లాను బీరువాలోంచి తెచ్చిచ్చాను. అతను దాని మీద వేలు పెట్టి, "అమ్మాయిగారు ఇక్కడ స్తంభం పెట్టారు కదండీ, అదేదండీ?" అన్నాడు. పగులు కబురు విని అప్పుడే వచ్చిన హనుమయ్య తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను.

అవును గీతా, ఆ స్తంభం పొయ్యలేదు.

శంకుస్థాపన రోజు నీ ప్లాను చూసి హనుమయ్య, "తలుపుకెదురుగా స్తంభమేంటన్నయ్యా! ఆడపిల్ల కంప్యూటర్లో బొమ్మలేసింది" అని నవ్వాడు. సిద్ధాంతి నవ్వాడు. నేనూ నవ్వాను. వంతెనలకు లెక్కలు కట్టే పిల్లకు సొంతింటి హాలు చేతకాదని నలుగురిలో ఒప్పుకున్నాను. ప్లాను మడిచి బీరువాలో చీరల కింద పెట్టాను.

మరి ఆ ఫొటో ఏమిటంటావు. స్తంభం పోశారా అని నువ్వు రోజూ అడుగుతుంటే, వెనకవీధిలో సుందరరాజు కడుతున్న ఇంటికెళ్లి, వాళ్ల స్తంభం ఫొటో తీసి పంపాను. దాన్ని ఆఫీసులో అందరికీ చూపించి "మా ఇల్లు, నేను గీసిన స్తంభం" అని చెప్పుకున్నావని పోయిన ఉత్తరంలో రాశావు. అది ఆ బుధవారమే చేతికొచ్చింది. మీ అమ్మకు చదివి వినిపించలేక, ఆ సాయంత్రమే నిజం చెప్పేశాను. అప్పట్నుంచీ మాటల్లేవు.

ఈ నాలుగు రోజులూ సిద్ధాంతి మీద, హనుమయ్య మీద ఊరంతా వినేలా అరిచాను. వాళ్లు నీ సంగతి తెలియక నవ్వారు. దగ్గరుండి చదివించినవాణ్ణి, నేను తెలిసీ నవ్వాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న హనుమయ్య వచ్చి, హాలు మధ్యలో ఇనప గొట్టం ఒకటి నిలబెడితే సరిపోద్దన్నాడు.

"ఇంజనీరు వచ్చేదాకా ఇటుక ముట్టుకున్నావంటే ఊరుకోను" అన్నాను.

"ఏ ఇంజనీరన్నయ్యా?"

"మా గీతాంజలి."

ఈసారి నవ్వలేదు. నవ్వి ఉంటే చెయ్యి చేసుకునేవాణ్ణి.

సెలవు దొరికితే రా తల్లీ. శ్లాబు పగలగొట్టాలంటే పగలగొట్టిద్దాం. నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. ఒక్కదానికి మాత్రం ఒప్పుకోను. బస్సు దిగీ దిగగానే లోపలికెళ్లి చూస్తానంటావు, నాకు తెలుసు. ఆ శ్లాబు కింద ముందు నేను నిలబడతాను. నువ్వు గుమ్మం బయటే ఉండి, ఎక్కడ చూడాలో చెప్పు.

ఇట్లు,
మీ నాన్న
వెంకటప్పయ్య