నానబోసిన పప్పు

బరంపేట, నరసరావుపేట
12 నవంబరు 2025, బుధవారం

శేషారత్నం పెద్దమ్మ గారికి,

ఫహీమ్ నమస్కారాలు. మీ కళ్ళకు శ్రమ లేకుండా అక్షరాలు పెద్దవి చేసి రాస్తున్నాను.

మీకు అన్యాయం జరిగింది. చేసినవాడు అమరేశ్వరరావు. గారు అని చేర్చడానికి కలం కదలడం లేదు, మన్నించండి. ముప్పయ్యేళ్ళుగా సాహితీ సంఘం అధ్యక్ష కుర్చీ దిగని ఆ మనిషి పల్నాటి రచయితల మీద పుస్తకం వేసి, నూట పన్నెండు డిటెక్టివ్ నవలలు రాసిన మీ పేరు ఎక్కడా వేయలేదు. మా అమ్మమ్మ, మా నాని హజ్రా బీ పోయి నిలదీస్తే, నువ్వు అడిగేది రచయితల్నా, టైపిస్టుల్నా అని నవ్వాడంట. ఇప్పుడు యూనివర్సిటీ ప్రొఫెసరు ఒకాయన మీ నవలల మీద పత్రికలో నాలుగు పేజీల వ్యాసం రాసేసరికి, అదే మనిషి మీకు సన్మానం అంటున్నాడు. ఫ్లెక్సీ చూశాను. మీ ఫోటో స్టాంపంత, ఆయన ఫోటో తలుపంత.

రానని మీరు కబురు పెట్టారని మా చెల్లెలు ముస్కాన్ చెప్పింది. ఆయన మీద కోపంతోనే అనుకుని సంతోషపడ్డాను. కాదంట. రెండేళ్ళ కిందట ఊళ్ళో పంచిన ఆ పేరులేని కరపత్రం మీరు ఇంకా దాచుకున్నారంట. పల్నాటి శవాలతో పాకెట్ పుస్తకాల బేరం అన్న ఆ కాగితం. అందులో ఉన్నది నిజమేనేమో అమ్మాయ్ అన్నారంట ముస్కాన్‌తో. అది చూశాకే గదా వారపత్రికలో మీ సీరియల్ పద్నాలుగో వారంలో ఆపేశారు. అది కూడా అమరేశ్వరరావే వేయించాడని ఊరంతా అంటుంది.

పెద్దమ్మా, నాని చివరి రోజుల సంగతి మీకు చెప్పాలి.

స్టేషన్ రోడ్డులో ఆమె అద్దె పుస్తకాల బంకు మీకు తెలిసిందే. కొంతమంది కొంటెగా మొదటి పేజీలోనే హంతకుడి పేరు పెన్సిల్‌తో రాసి తెచ్చిచ్చేవాళ్ళు. నానికి చదువు రాదు. అందుకని మొదటి పేజీలో ఏ గీత కనపడినా రబ్బరుతో రుద్దిపారేసేది. దాంతో పుస్తకం నంబర్లు కూడా పోయేవి. సాయంత్రం ముస్కాన్ మీ నవల చదువుతుంటే వినేది. నేను రాసుకునే కరపత్రాలు ముందేసుకుని, ఏంది నానీ ఈ చెత్త అని కసిరేవాణ్ణి. నీ కాగితాల్లో ఒక్క మనిషికైనా పేరుందా రా అనేది.

సెప్టెంబరులో మంచం పట్టింది. ముస్కాన్ మెడికల్ షాపులో పనికి పోతే చదివే వంతు నాకొచ్చింది. తొమ్మిది నవలలు చదివాను. గురజాల కోర్టులో మీరు ముప్పయ్యేళ్ళు టైపు కొట్టిన కాగితాల్లో మృతుడు, మృతురాలు అని ఒక మాట ఉంటుంది, అంతే. మీ నవలల్లో చనిపోయిన ప్రతి మనిషీ ఒక పని సగంలో వదిలిపోతాడు. ఒకడిది కుట్టుకోవాల్సిన చొక్కా గుండీ. ఒకామెది రెంటచింతల బస్సులో పంపాల్సిన మందు సీసా. హంతకుడు దొరికాక, ఎవరో ఒకరు ఆ పని పూర్తి చేస్తేనే మీ కథ అయిపోతుంది.

ఆఖరికి నాని ఆగిపోయిన సీరియలే అడిగింది. రేపటి దోసెలకని మినప్పప్పు నానబోసి, ఆ రాత్రే హత్యకు గురైన కోటమ్మ కథ. మిగతాది లేదని చెప్పడానికి నోరు రాక, నేనే ముగింపు అల్లాను. మరిది చంపాడు, పోలీసులు పట్టుకున్నారు అని. నాని విని, ఇది రత్నమ్మ రాసింది కాదురా, ఆ పిల్ల నానబోసిన పప్పు ఎవరు రుబ్బారు అని అడిగింది. మూడో రోజు పోయింది.

ఆ సన్మానం హాలుకు మీరు వెళ్ళొద్దు. ఈ ఆదివారానికి నాని పోయి నలభై రోజులు. ఆ ఉదయం పదింటికి మేమే మీ అరుగు దగ్గరకు వస్తాం. నాని దగ్గర అద్దెకు చదివినవాళ్ళందరికీ చెప్పాను. మెకానిక్ అల్తాఫ్ మామ షాపు మూసేసి వస్తానన్నాడు. తలా ఒక పుస్తకం తెస్తారు. శాలువా ఉండదు, మైకు ఉండదు.

మీ హజ్రా బీ మనవడు
ఫహీమ్

తా.క. పైన మొదటి పేజీలో నేనొక పేరు రాశాను. పెన్నుతో రాశాను, రబ్బరుకు పోదు. పుస్తకంలో మీ పేరు లేకుండా చేసింది అమరేశ్వరరావు గారే. కరపత్రం మాత్రం ఆయనది కాదు. అది రాసింది నేను. అప్పటికి మీ నవల ఒక్కటీ చదవలేదు, అట్టల మీద బొమ్మలు చూసి రాశాను. కింద పేరు పెట్టే ధైర్యం లేకపోయింది. ఆ కాగితానికి నాని చచ్చేదాకా ఆయన్నే తిట్టింది. నేను పక్కన కూర్చుని విన్నాను. ఆదివారం ఈ నాలుగు ముక్కలూ అందరి ముందూ చదువుతాను. ఆ తరవాత మీరు పొమ్మంటే పోతాను. వచ్చినవాళ్ళకు మాత్రం ఆ పప్పు ఎవరు రుబ్బారో చెప్పండి. పదింటికి, మీ అరుగు మీద.