నలుగురి ముందు సూది

గోదావరిఖని,
గురువారం మధ్యాహ్నం.

చిరంజీవి అంజికి అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ బాపూ బాగున్నాం, నాగపూర్‌లో నువ్వూ బాగున్నావని తలుస్తాను. మేం బాగున్నామన్న మాట మాత్రం ఉత్తరం చివరిదాకా చదివాక నమ్మాలో వద్దో నువ్వే తేల్చుకో.

దీన్ని నౌమాన్ చేతికి ఇచ్చి పంపుతున్నాను. సెలవు అయిపోయి సాయంత్రం బండికి అక్కడికే వస్తున్నాడు. బాపుతో పనిచేసే మహబూబ్ కొడుకు, చిన్నప్పటి నుంచి మనింట్లో తిరిగినవాడు, మంచివాడే. అయినా కవరు అంటించిన చోట అడ్డంగా సంతకం పెట్టాను. గీతలు కలవకపోతే నాకు చెప్పు. నా అనుమానపు బుద్ధి నీకు కొత్త కాదు కదా. పాలలో నీళ్లు కలిపాడని పాలవాడితో పదేళ్లుగా తగువు పడుతున్నదాన్ని. ఫోనులో చెబుదామంటే, క్వార్టరు గోడకు అవతల మల్లక్క ఉంది. మనం ఇక్కడ దగ్గితే అక్కడ ఆమె ఏం కషాయం తాగాలో చెబుతుంది.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. ఫ్రిజ్ తలుపు రబ్బరు నువ్వు పంపినదే వేయించాను, ఇప్పుడు గట్టిగా పడుతున్నది. రెండోది, బస్టాండులో బాపు చొక్కా ఎత్తి పొట్టలో సూది వేసుకుంటున్న ఫొటో నౌమాన్ పంపాడని, బాపు అందరి ముందు ఎందుకిట్లా చేస్తున్నాడని అడిగావు. మూడోది, కంపెనీ మెడికల్ బోర్డు బాపును చూసే తేదీ ఎప్పుడని. ఆ మూడో ప్రశ్న ఉత్తరం మొదట్లో ఒకసారి, చివర్లో ఇంకోసారి అడిగావు. అది నా కంట పడింది.

రెండోదానికి జవాబు చెబుతాను. బాపుకు ఇన్సులిన్ మొదలై ఏడాదిన్నర. మొదటి ఏడాదంతా ఎట్లా వేసుకునేవాడో నువ్వు సెలవుల్లో వచ్చినప్పుడు చూశావు. తలుపు గడియ పెట్టి, గోడ వైపు తిరిగి, నన్ను కూడా చూడనిచ్చేవాడు కాదు. అట్లాంటి మనిషి దసరా తర్వాత ఒక్కసారిగా మారిపోయాడు. ఫస్ట్ షిఫ్టుకు పోయి, బొగ్గు బాయి మీది క్యాంటీనులో, బెంచీ మీద నలుగురి మధ్య కూర్చుని సూది వేసుకుంటున్నాడని మహబూబ్ చెబితే నేను నమ్మలేదు. మహబూబ్‌కైతే అది ధైర్యంలా కనిపించింది. "వదినా, మావోడు సిగ్గిడిచిండు. మంచిదే గదా, షుగర్ ఉన్నోళ్లు దాసుకునుడెందుకు?" అన్నాడు. నిజమే, దాచుకోవలసిన తప్పేమీ కాదు. కానీ యాభై ఆరేళ్ల మనిషికి సిగ్గు ఒక్క వారంలో పోతుందా? నాకు ముల్లు గుచ్చుకున్నట్టయింది.

మల్లక్క ఇంకో మాట అన్నది. నల్లా దగ్గర బిందె పెట్టి, నా ముఖం చూడకుండానే, "అనసూర్యా, మీ ఆయిన మస్తు ఏషాలేస్తున్నడట. అన్‌ఫిట్ అయితే కొలువు కొడుక్కొస్తది గదా, ఎవలు జెయ్యరు?" అన్నది. నేను ఊరుకున్నానా? ఆమె ముగ్గురు కొడుకుల చరిత్రా అక్కడే విప్పాను. వారం రోజులు మాటల్లేవు. కానీ ఇంటికి వచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. ఈ గనుల ఊళ్లో ఎవరికి జబ్బు చేసినా జనం మొదట జాలి పడరు, లెక్క వేస్తారు. రోగికి ఎన్నేళ్ల సర్వీసు ఉంది, కొడుకు వయసెంత అని. నేనూ ఎంతమంది గురించి అట్లా అనుకోలేదు!

పెద్దపల్లిలో పెండ్లికి పోయిన రోజు నా కంటితో చూశాను. భోజనాలకు ముందు బస్టాండులో టీ కొట్టు దగ్గర ఆగి, సంచిలోంచి సీసా తీశాడు. పక్కన రెండు బెంచీల నిండా జనం. "పక్కకు పోదాం రా" అంటే వినలేదు. చొక్కా ఎత్తాడు. టీ పోసేవాడు చేతిలో గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఒకామె పిల్లను దగ్గరికి లాక్కుంది. అంతలో హోంగార్డు వచ్చి, "ఏందయ్యా, ఏం మందది? ఏం గుచ్చుకుంటున్నవ్ గిక్కడ?" అన్నాడు.

బాపుకు కోపం రావాలి, లేదా సిగ్గు రావాలి. రెండూ రాలేదు. సంతోషించాడు! "షుగర్ సారూ, ఇన్సులిన్! రోజుకు రెండు పూటలు. ఒక్క పూట గూడ తప్పను. గైనా షుగర్ దిగుతలేదు!" అని అరిచాడు. అడిగింది ఒక్కడు, జవాబు బస్టాండు మొత్తానికి.

నేను అప్పుడు బాపు ముఖం చూడలేదు. సీసా చూశాను. డిస్పెన్సరీలో సిస్టర్ నాకు నేర్పింది నీకు చెప్పాను కదా. ఆ సీసాను రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. అడుగున పేరుకున్న తెల్లటిది కలిసి మందంతా పాలలా అవుతుంది. అప్పుడే సూదిలోకి తీయాలి. బాపు దొర్లించనే లేదు. సీసాలో ఉన్నది అవతలి బస్సు బోర్డు కనిపించేంత తేటగా ఉంది. పాలలో నీళ్లు కనిపెట్టేదానికి మందులో నీళ్లు తెలియవా?

ఇంటికి వచ్చి, మరునాడు బాపు డ్యూటీకి పోగానే వెతికాను. మొదట అమ్ముకుంటున్నాడేమో అనుకున్నాను. ఇంకెవరికైనా ఇస్తున్నాడేమో, ఆ ఇంకెవరు ఆడమనిషేమో అని కూడా అనుకున్నాను. అటక మీద పాత బూట్ల డబ్బాలో దొరికాయి. సీలు తీయని సీసాలు ఏడు. డిస్పెన్సరీలో పుస్తకం మీద రాయించుకుని తెచ్చినవన్నీ అక్కడే ఉన్నాయి. ఒక ఖాళీ సీసాలో మాత్రం కాచి చల్లార్చిన నీళ్లు నింపుకుని, అవే నలుగురి ముందు పొడుచుకుంటున్నాడు. ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. రేపు బోర్డులో డాక్టర్లు "మందు సరిగ్గా వాడుతున్నావా" అని అడిగితే, క్యాంటీను క్యాంటీనంతా సాక్ష్యం చెబుతుంది. మందు వాడినా షుగర్ దిగని మనిషి బాయికి పనికిరాడని రాస్తారని, అప్పుడు కొలువు నీకు వస్తుందని బాపు ఆశ. వాళ్లు రాస్తారో లేదో దేవుడికెరుక.

అంజీ, ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టి బియ్యం ఏరాను. మళ్లీ వచ్చి కూర్చున్నాను. రాయక తప్పదు.

పెద్దపల్లి పెండ్లి నిన్నో మొన్నో జరిగింది కాదు. నెల దాటి అయిదు రోజులైంది. ఈ నెలంతా నాకు తెలుసు. డబ్బాను ఉన్నచోటే పెట్టి, పైన దుమ్ము కూడా చెదరకుండా సర్ది, దిగి వచ్చాను. బాపు రాత్రి నాలుగైదుసార్లు నీళ్లకు లేస్తుంటే నిద్రపోతున్నట్టు పడుకున్నాను. చొక్కా భుజాల దగ్గర వదులవుతుంటే చూశాను. ఒకరోజు బెల్లం పరమాన్నం అడిగాడు. వండాను. రెండోసారి అడిగితే రెండోసారీ వడ్డించాను. నువ్వు పరాయి ఊళ్లో ఫ్రిజ్‌లు మోసుకుంటూ మేడలెక్కే బతుకు మానేసి, బాయి గేటులో హాజరు వేసుకుని రావాలని, ఈ క్వార్టరు మనకే ఉండాలని, నాకూ ఆశ పుట్టింది. ఊళ్లో అందరినీ అనుమానించేదాన్ని, నన్ను నేను ఒక్కరోజూ నిలదీసుకోలేదు. నాకు సిగ్గుగా ఉంది బిడ్డా.

మొన్న మంగళవారం బాపు సాక్సు ఉతుకుతుంటే నీళ్లు ఎర్రబడ్డాయి. కాలు చూపించమంటే చూపించడు. బలవంతంగా పట్టుకుని చూస్తే, బొటనవేలి కింద బూటు ఒరుసుకుని రూపాయి బిళ్లంత పుండు. నొప్పి తెలియలేదట. ఎన్నాళ్లయిందో కూడా తెలియదట. అప్పుడు డబ్బా తెచ్చి ముందర పెట్టి, నాకంతా తెలుసని చెప్పాను.

బాపు ఏడుస్తాడనుకున్నాను. నవ్వాడు. "నీకెప్పుడో ఎరుకైందని నాకు ఎరుకే. పరమాన్నం వండినవ్ గదనే" అన్నాడు. తర్వాత, "ఇగ పదకొండు రోజులే. బోర్డు గడవనీ. గడిచినంక రోజుకు నాలుగు సూదులైనా ఏసుకుంట" అన్నాడు.

"ఆలోపు కాలు పోతే?"

"రిటైరైనంక పోతే ఏమన్నా ఇస్తరా? గిట్ల పోతే పోరనికి కొలువన్నా వస్తది."

అటక మీది వేడికి ఆ సీసాలు పాడై ఉంటాయని, నిన్న డిస్పెన్సరీకి పోయి కొత్త సీసా తెచ్చాను. పాలలా అయ్యేదాకా దొర్లించి సూదిలోకి తీశాను. బాపు నా చెయ్యి పక్కకు నెట్టాడు. పుండుకు కట్టు కట్టించుకోవడానికి దవాఖానకూ రానంటున్నాడు, షుగర్ చూసి సూది వేస్తారని భయం. ఎంత తిట్టినా, ఎంత బతిమాలినా ఒకటే మాట. "అంజిగాడు వద్దంటే ఆపుత. నువ్వు చెప్తే ఆపను. నీది ఒట్టి అనుమానం."

కాబట్టి నీకు రాస్తున్నాను. నీ మూడో ప్రశ్నకు జవాబు ఇంకా ఇవ్వలేదు కదా. బోర్డు వచ్చే శనివారం, ఇవాళ్టికి తొమ్మిది రోజులు. తేదీ రెండుసార్లు ఎందుకు అడిగావో నాకు తెలియదు. బాపు మీద బెంగతో అడిగావని అనుకోవాలని నా మనసు. బాపు నీకు ముందే చెప్పాడేమో, నువ్వు సరే అన్నావేమో అని నా బుద్ధి. నువ్వు సరే అని ఉన్నా నేను నిన్ను తిట్టను. నెల రోజులు నోరు మూసుకున్నదాన్ని, తిట్టే ముఖం నాకెక్కడిది?

శుక్రవారం పొద్దున నౌమాన్ నీకు ఇది ఇస్తాడు. చదివి, కాసేపు కూర్చుని ఆలోచించుకో. మధ్యాహ్నం మూడున్నరకు బాపు షిఫ్టు నుంచి వస్తాడు. నాలుగింటికి ఫోన్ చెయ్యి. నాకు కాదు, బాపుకే. ఈ కొలువు నాకు వద్దు, సూది వేసుకో అని చెప్పు. మందు సిద్ధంగా పెట్టుకుని నేను పక్కనే కూర్చుంటాను. వద్దు అనే ముందు నువ్వు ఎంతసేపు ఆగుతావో వింటాను.

ఇట్లు,
నిన్ను కూడా అనుమానించిన
మీ అమ్మ
అనసూర్య