ఏడో రకం మీద సంతకం

మార్చి 9, సోమవారం
పరీక్షా క్షేత్రం, రికార్డుల గది

బావగారికి,

నమస్కారాలు. ఉత్తరం మొదట్లో క్షేమసమాచారాలు రాయాలంటారు. మీ క్షేమం నాకు పట్టదు, నా క్షేమం మీరు ఏనాడూ అడగలేదు. కాబట్టి సూటిగా విషయానికి వస్తాను. మీరు పంపిన నివేదిక అందింది. సంతకం పెట్టకుండా తిప్పి పంపుతున్నాను.

కొలతలు తీసిన మనిషి సంతకం లేకపోతే శుక్రవారం విత్తన కమిటీ ఏడో రకం మొక్కజొన్నను ఆమోదించదని, మెట్టపొలాల రైతులు దానికోసం కాచుకుని ఉన్నారని రాశారు. ఇన్నేళ్లూ నన్ను కొలబద్ద అని పిలిచి నవ్విన మీరు ఇవాళ ప్రియమైన మరదలా అని మొదలుపెట్టారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు.

నివేదిక రెండుసార్లు చదివాను. ఏడో రకాన్ని పుట్టించింది మీరేనట. అక్క పేరు ఎక్కడుందా అని వెతికితే ఆఖరి పేజీలో, కృతజ్ఞతల్లో, ట్రాక్టరు డ్రైవరు కింద దొరికింది. సొమ్మొకడిది, సోకొకడిది. ఆరేళ్లు ఎండలో మోకాళ్ల మీద కూర్చుని మగపూతకు కాగితం సంచులు కట్టి, ఆ పుప్పొడిని తను ఎంచుకున్న కంకుల పీచు మీద దులిపింది అక్క. మీరు ఏసీ గదిలో కూర్చుని, మా ఆవిడ మొక్కలకు టోపీలు పెడుతోందని వచ్చినవాళ్లకు చెప్పి నవ్వించేవారు. పోయాక సంస్మరణ సభలో మాత్రం, ఆమె లేనిదే నేను లేనన్నారు. చచ్చినవారి కళ్లు చేరెడు.

పైగా ఆకుల మీద చల్లే మీ పొటాష్ ద్రావణం గొప్ప ఒకటి. ఏ రకం ఎండకు తట్టుకుంటుందో చూడ్డానికి పూత మొదలైన రోజు నుంచి ఇరవై ఒక్క రోజులు నీళ్లు ఆపాం. పన్నెండు రకాల్లో పదకొండు రకాలు పన్నెండో రోజుకల్లా వాడిపోయి ఆకులు చుట్టేశాయి. మీ ద్రావణం చల్లిన మళ్లు ఇంకో రెండు రోజులు ఆగి చుట్టేశాయి, అంతే తేడా. ఏడో రకం మాత్రం చల్లిన మడిలోనూ చల్లని మడిలోనూ పచ్చగానే ఉందని కాగితాల్లో ఉంది. అది కూడా మీ మందు చలవేనని రాసుకోవడానికి మీకు చెయ్యెలా వచ్చింది? ఆ ఇరవై ఒక్క రోజుల్లో మీరు ఒక్కసారైనా మళ్లలోకి దిగారా?

నిన్న మీ గుమస్తా ఫోన్ చేసి, సారుకి కోపం తెప్పించకండమ్మా, ఉద్యోగం పోతుంది అన్నాడు. పోనీ అన్నాను. మీ గడప ఇక తొక్కను. అక్క చీరలు మీరే ఉంచుకోండి. ఆవిడ పొలం చెప్పులు నా దగ్గరున్నాయి, వాటికోసం మనిషిని పంపకండి.

ఇట్లు,
మీరు ఏనాడూ మనిషిగా లెక్కపెట్టని
కొలబద్ద

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. పైన రాసిన కోపమంతా నిజమే, కానీ సంతకం పెట్టకపోవడానికి కారణం అది కాదు. అక్క పేరు అట్ట మీద అచ్చేసినా నేను పెట్టలేను.

పదో రోజు ఉదయానికే ఏడో రకం ఆకులు చుట్టేసింది, అన్నిటికన్నా ముందు. అప్పటికి అక్క ఆసుపత్రిలో ఉంది. సాయంత్రం నేను వెళ్లగానే తన నొప్పి సంగతి ఎత్తకుండా, ఏడు ఎలా ఉందే అని అడిగేది. వాడిపోయిందని చెప్పడానికి నోరు రాలేదు. తన మొహం చూస్తూ అబద్ధం చెప్పడమూ నాకు చేతకాదు. అందుకే ఆ సంగతి కాగితాల్లో ఎక్కించకుండా, మర్నాటి నుంచి ఎవరూ రాకముందే ఏడో రకం ఉన్న రెండు మళ్లకూ బకెట్లతో నీళ్లు మోశాను. పచ్చగా ఉందక్కా అని నిజమే చెప్పాను. పంతొమ్మిదో రోజు అది విని కళ్లు మూసుకుంది, మళ్లీ తెరవలేదు. ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఆ విత్తనం మెట్టపొలాల్లో నిలబడదు. కమిటీకి ఈ ఉత్తరమే చూపించండి, నా సంగతి వాళ్లే తేలుస్తారు. ఒక్క మనిషి నమ్మితే చాలనుకుని పోశాను బావగారూ. మీరందరూ నమ్మేస్తారనుకోలేదు.