వెంకటరామి మామ మిలిటరీ బండి

హచ్చొళ్ళి,
20 సెప్టెంబరు 1955

చిరంజీవి గురునాథుకు మేనమామ వెంకటరామి ఆశీస్సులు. ఇక్కడ అంతా క్షేమమని రాయడం మర్యాద గనుక రాస్తున్నాను. నిజానికి ఇంట్లో పొయ్యి రాజేసే దిక్కు లేదు. మీ అత్త నాగలక్ష్మమ్మ అలిగి, హగరి ఏరు దాటి, తెక్కలకోటలో పుట్టింటికి పోయింది.

నా తప్పేమీ లేదు. మదరాసులో యుద్ధంనాటి మిలిటరీ బండ్లు వేలం వేస్తున్నారంటే పోయి ఒకటి పాడుకొచ్చాను. దానికోసం ఎద్దుల జత అమ్మేశాను. ఆ ఎద్దులను మీ అత్త కన్నబిడ్డల్లా సాకింది. బండి వాకిట్లో ఆగగానే బయటికొచ్చి, "ఏందయ్యా ఈ ఇనుప గాబు? నా ఎద్దులు చేసే పని ఒక్కటన్నా ఇది చేసిన దినం చెప్పి పంపు, అప్పుడొస్తా" అని మూట కట్టుకుని పోయింది. ఆ మాట నిజం చేద్దామని పొలంలో దింపితే దిగబడింది.

వేలం వాళ్ళు "ఉన్నది ఉన్నట్టు తీసుకో" అన్నారే గాని, ఇది యుద్ధంలో ఏం పని చేసేదో చెప్పలేదు. ఆరు చక్రాలు, తలుపుల్లేవు, ఒళ్ళంతా ఒకటే తొట్టి. బొమ్మ గీసి పంపుతున్నాను. నీ ఉద్యోగం బెంగళూరులో, అక్కడ మిలిటరీవాళ్ళు వీధికొకరు ఉంటారు. విచారించి రాయి. మీ అత్త తిరిగి రావడం నీ చేతిలో ఉంది.

ఇట్లు,
ఆకలి మీదున్న మీ మామ

తా.క. వెనకాల అడుగున ఒక ఇనుప పంకా ఉంది. దాన్ని గీయడం నాకు రాలేదు. అది వడ్లు తూర్పారబట్టడానికేనని ఊరంతా తేల్చేశాం. అంతమంది సిపాయిలకు అన్నం పెట్టాలంటే ఎక్కడో ఒకచోట తూర్పారబట్టక తప్పదు కదా.

బెంగళూరు,
2 అక్టోబరు

పూజ్యులు మామగారికి గురునాథ్ నమస్కారాలు. మీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత పొయ్యి సంగతి గుర్తొచ్చి ఆపుకున్నాను.

సెలవు పెట్టి మిలిటరీ ఆఫీసులన్నీ తిరిగాను. ఒకచోట మీ బొమ్మ చూసి బాతు అన్నారు. ఇంకోచోట నన్నే అనుమానించి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. చివరికి పాత సామాన్ల గోదాములో ఒక గుమాస్తా బొమ్మను అటూ ఇటూ తిప్పి, "ఇది నీళ్ళ బండి, ఎడారిలో సిపాయిలకు నీళ్ళు మోసేది" అని తేల్చాడు. ఇంకేం, తొట్టి నిండా నీళ్ళు పోయించండి. మన ఎద్దులు పీపా బండితో మంచినీళ్ళు తెచ్చేవి కదా! అత్త అడిగిన పని అదే అవుతుంది. వెంటనే కబురు పెట్టండి.

విధేయుడు,
గురునాథ్

తా.క. పంకా సంగతి అడగడం మరిచాను. సిపాయిలకు ఉక్కపోయకుండా పెట్టి ఉంటారు.

హచ్చొళ్ళి,
13 అక్టోబరు

చిరంజీవి గురునాథుకు ఆశీస్సులు, కొంచెం తగ్గించి.

నీ మాట విని తొట్టి నింపించాం. ఊరి ఆడవాళ్ళంతా బిందెలతో మోశారు. ఒక్క చుక్క కారలేదు! అంతవరకూ బాగానే ఉంది. తోలేవాడి సీటు కూడా ఆ తొట్టిలోనే ఉందని తర్వాత తెలిసింది. నా డ్రైవరు దురుగప్ప నడుముల్లోతు నీళ్ళలో కూర్చుని తోలాడు. కాలవ గట్టు పక్కన ఆపితే మన ఊరి గాళెప్ప బర్రె గట్టు మీది నుంచి అందులోకి దిగి పడుకుంది. ఎంత అదిలించినా లేవదు. దాన్ని ఎక్కించుకునే ఊరంతా తిరిగాం.

ఈ సంగతి తెక్కలకోటకు పాకింది. మీ అత్త కబురు పంపింది: "ఎద్దుల్ని అమ్మి బర్రెకు పల్లకి కొన్నాడంట గదా! ఆ బర్రెనే వంట కూడా చేసిపెట్టమనండి."

అడుగున బిరడాలుంటే లాగి నీళ్ళు వదిలేశాం. గురునాథా, వంట సంగతి అటుంచు, ఆమె లేని ఇల్లు నాకు ఇల్లులా లేదు. ఈసారి పంకాతో సహా విచారించు. మహానవమికి బండ్లన్నీ ఏట్లో కడిగి ఆయుధ పూజ చేయడం మన ఆనవాయితీ కదా, నాదీ కడిగిస్తాను.

ఇట్లు,
మీ మామ

తా.క. పంకా గాలికి కాదు. దాన్ని తిప్పే పిడి సీటు పక్కనే దొరికింది. పూజ కాగానే వడ్లు తూర్పారబడతాం, చప్పుడు తెక్కలకోట దాకా వినపడాలి.

బెంగళూరు,
23 అక్టోబరు

మామగారూ, నమస్కారాలు చివర పెడతాను, ముందు ఇది చదవండి.

యుద్ధంలో బర్మాలో ఇలాంటి బండే తోలిన సుబేదారు ఒకాయన దొరికాడు. మీ బొమ్మకు పంకా చేర్చి చూపించాను. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, "నీళ్ళు లోపల కాదు నాయనా, బయట ఉండాలి" అన్నాడు. మామా, అది నేల మీద లారీ, నీళ్ళలో పడవ. పంకా నీళ్ళను వెనక్కి తోస్తుంది, బండి ముందుకు పోతుంది. బిరడాలు బిగించకుండా దింపితే మాత్రం నిలువునా మునుగుతుంది. దయచేసి ఏట్లో కడగొద్దు. చెంబుతో కడగండి.

నమస్కారాలు.
గురునాథ్

తా.క. బర్రె విషయం సుబేదారుకు చెప్పలేదు. పెద్దాయన, గుండె బలహీనం.

హచ్చొళ్ళి,
3 నవంబరు

చిరంజీవి గురునాథుకు నాగలక్ష్మమ్మ అత్త దీవెనలు. అవును నాయనా, హచ్చొళ్ళి నుంచే రాస్తున్నాను.

నీ ఉత్తరం పండగ మరునాడు చేరింది. అప్పటికే మీ మామ బండిని నిండుగా పారే ఏట్లో దింపేశాడు. బిరడాలు ఎక్కడో పారేసుకుంటామని దురుగప్ప ముందే బిగించి పెట్టాడు కాబట్టి సరిపోయింది. చక్రాలు నేల వదలగానే మీ మామ, "బండి పోతాంది, పట్టుకోండప్పా!" అని అరిచాడంట, తానే దాంట్లో కూర్చుని! దురుగప్ప గాబరాలో చేతికందిన పిడి లాగాడు. పంకా తిరిగింది.

అవతలి గట్టున మా అన్నలు బండ్లు కడుగుతుంటే నేనూ ఉన్నాను. చూద్దును కదా, పూలదండలు కట్టుకుని, పసుపు కుంకుమలు పూసుకుని ఆ ఇనుప గాబు నీళ్ళ మీద వస్తోంది. అందులో మీ మామ, బూడిద గుమ్మడికాయను పసిబిడ్డలా గుండెకు హత్తుకుని. నవ్వి నవ్వి నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఎద్దులు చేసే పని అది చేయలేదు, నిజమే. నా కోసం వరదలో ఏరు దాటి ఏ ఎద్దులు మాత్రం వచ్చాయి? అప్పుడే ఎక్కి ఇంటికొచ్చేశాను.

రానిది మీ మామే. "ఏరు ఎండినాక నడిచొస్తా" అని మా పుట్టింట్లోనే మకాం వేశాడు. అల్లుడి మర్యాదలు చేసి చేసి మా వదినలు అలసిపోయారు. చివరికి నిన్న నేనే బండిలో పోయి బతిమాలి ఎక్కించాను. ఇన్నేళ్ళ కాపురంలో నలుగురిలో నా వైపు తిరిగి మాట్లాడని మనిషి, ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తుండగా, నా చేతులు రెండూ పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

ఇట్లు,
మీ అత్త

తా.క. ఒడ్డు సరిగ్గా అందలేదని దురుగప్ప ఏట్లో ఇంకో చుట్టు తిప్పాడు. అందకేం? నేనే తిప్పమని సైగ చేశాను. మామకు మాత్రం రాయొద్దు.