కొత్త నౌక ఇచ్చారు, పై బెర్తులో మనిషిని ఇవ్వలేదు

తారాపథం అంతర్జాల క్రీడా సంస్థ, నౌకల బీమా మరియు వారంటీల అధికారి గారి సముఖమునకు, ఇలోయిలో నగరం లా పాజ్ బజారులో బాచోయ్ నూడుల్స్ కొట్టు నడుపుకొను లెర్మా కటల్బాస్ సమర్పించుకొను అర్జీ.

విషయం: జీవితకాల బీమా గల నా అంతరిక్ష నౌక 'ముసలి బంగుస్' (బంగుస్ అనగా మా వైపు దొరికే చేప) స్థానే కొత్త నౌక జారీ అయిన సందర్భమున, పాతదానిలో నిద్రించుచున్న నా తమ్ముడు గల్లంతైన విషయమై.

అయ్యా,

1. నేనూ, సరుకుల ఓడలో ఇంజను పని చేసే నా తమ్ముడు ఎల్మరూ ఆరేళ్లుగా తమ ఆటలో ఒకే నౌక నడుపుచున్నాము. వాడు నిజం ఓడ ఎక్కితే తొమ్మిది నెలలు ఇంటికి రాడు. ఏదైనా రేవులో సిగ్నల్ దొరికితే ఆటలోకి వచ్చి, నాతో అరగంట కబుర్లాడి, పోయేటప్పుడు నౌకలో పై బెర్తు మీద పడుకుంటాడు. తమ నిబంధన ప్రకారం ఆట ఆపినవాడు పడుకున్న చోటనే మళ్లీ లేస్తాడు. ఈసారి అక్క ఏ లోకానికి తీసుకొచ్చిందోనని కిటికీలోంచి చూడటం వాడికి సరదా. మేమిద్దరం కలిసి కూర్చునే చోటు అదొక్కటే.

2. గత నెల నౌకను ఒక మారుమూల ఉపగ్రహం మీద నిలిపి, కిందికి దిగి, బండ మీంచి జారి చచ్చిపోయితిని. ఆట ప్రకారం అంతరిక్ష స్టేషన్ ఆసుపత్రిలో లేచితిని. నౌక అక్కడ, నేనిక్కడ. పక్క కొట్టులో చేపలమ్మే తతోయ్ కూడా ఈ ఆటే ఆడతాడు. "నీకేమైనా పిచ్చా లెర్మా? దానికోసం అంత దూరం ఎవరు పోతారే! పోయిందని రాసి పారెయ్. ఇరవై నిమిషాల్లో కొత్తది గుమ్మం ముందుంటుంది. అందరం చేసేది అదేగా!" అన్నాడు.

నిజమే, అందరం చేసేది అదే. పోని నౌకను పోయిందని రాయడం మాలో ఎవరికీ తప్పుగా తోచదు. రాసితిని. తమరు కొత్తది ఇచ్చి, పాతదాన్ని నిలిచిన చోటనే మాయం చేసితిరి. పై బెర్తులో ఎల్మర్ ఉన్నాడని నాకు అప్పుడు గుర్తే లేదు. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

3. తమ కార్యాలయమునకు మూడు పర్యాయములు మొర పెట్టుకొంటిని. మొదటి జవాబు: "అభినందనలు! మీ నౌక సరికొత్తగా ఉన్నది." రెండవది: వారంటీ నౌక ఒంటికీ, ఇంజన్లకీ మాత్రమే గాని "సరుకు, పూలకుండీలు, సిబ్బంది" దాని పరిధిలోకి రారు. పూలకుండీల పక్కన నా తమ్ముణ్ణి రాశారయ్యా! మూడవది: మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు? ఛీ. అన్నం తినేవాళ్లు అడిగే ప్రశ్నేనా ఇది?

4. జీవితకాల బీమా అంటిరి, ఎవరి జీవితమని అడిగితిని. నౌకదట.

కావున తళతళలాడే ఈ కొత్త నౌకను వెనక్కి తీసుకొని, ఎల్మర్ మొదటిసారి దింపినప్పుడు పడిన సొట్టతో సహా పాతదాన్ని, పై బెర్తుతో, బెర్తులో మనిషితో ఇప్పించ ప్రార్థన. నేను రాసినది అబద్ధమని ఒప్పుకొనుచున్నాను. ఏ శిక్షకైనా సిద్ధము.

ఇంతకు మించి బతిమాలడం చేతకాదు, చిత్తగించవలెను.

తమ విధేయురాలు (ఈ అర్జీ మేరకు మాత్రమే),
లెర్మా కటల్బాస్

తా.క.: ఇది పంపబోతుండగా ఎల్మర్ ఏదో రేవు నుంచి వచ్చాడు. తమ స్టేషన్ ఆసుపత్రిలో, వీపు వైపు తెరిచి ఉండే రోగుల గౌనులో లేచాడు. "అక్కా, నన్నిక్కడ ఎవరు పడేశారే? వెనకంతా గాలి కొడుతోంది!" అన్నాడు. జరిగింది చెప్పి ఏడ్చేశాను. వాడు పకపకా నవ్వి, "దీనికా ఏడుపు? మా అసలు ఓడలోనూ ఇంతేగా. సరుకు బీమా కాగితాలు నలభై పేజీలు, మా అందరికీ కలిపి ఒకటిన్నర" అన్నాడు.

అంతలో సిగ్నల్ పోయింది. బెర్తు లేదు గనక వాడు ఆసుపత్రి నేల మీదే పడుకుండిపోయాడు. నేను పక్కనే కూర్చున్నాను. వాడు లేచేదాకా కదలను. మీ కొత్త నౌక స్టేషన్ రేవులో ఉంది, తీసుకుపోండి.